గల్ఫ్‌కు పోవాలంటే వచ్చే భయాలు, పైసలు కట్టకముందే వాటిని తేల్చుకునే పద్ధతి

నెలకు ఒకరిద్దరైనా మా ఇంటికి వస్తారు. చేతిలో పాస్‌పోర్టు జిరాక్స్, వాట్సాప్‌లో వచ్చిన వీసా కాపీ. “అన్నా, ఇది అసలుదేనా జర చూడు” అంటారు. కాగితం చూడకముందే నేను అడిగేది ఒకటే: పైసలు కట్టినవా, ఇంకా కట్టలేదా? కట్టలేదంటే సగం పని అయినట్టే. డబ్బు మన జేబులో ఉన్నంతసేపే ఏజెంటు మన ప్రశ్నలకు జవాబు చెప్తాడు. ఒకసారి చేతులు మారిందంటే ఫోన్ కూడా ఎత్తడు.

నాది జగిత్యాల జిల్లా. షార్జా, అజ్మాన్‌లలో కలిపి తొమ్మిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చాను. మొదటిసారి నన్ను పంపిన సబ్ ఏజెంటు 1300 దిర్హంల జీతం, తిండి కంపెనీదే అన్నాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, ఫ్లైట్‌కు రెండు మూడు గంటల ముందు కవరు చేతిలో పెట్టాడు. ట్రాలీ మీద బ్యాగు పెట్టి, ఆ వెలుతురులో నిలబడి చదివితే లోపల 900 అని ఉంది, తిండి మాటే లేదు. అప్పటికే లక్షా ఇరవై వేలు మిత్తికి తెచ్చి కట్టేశాను. వెనక్కి తిరిగితే ఆ అప్పు ఎట్లా తీరుతుంది? ఎక్కేశాను. ఆ రాత్రి నాకు ముందే తెలిసి ఉండాల్సినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. యూఏఈ ఉదాహరణలే ఎక్కువ ఉంటాయి, నాకు బాగా తెలిసింది అదే. సౌదీ, కువైట్ సంగతులు తేడా ఉన్నచోట చెప్తాను.

మొదటి పని: భయాలన్నీ ఒక కాగితం మీద రాయండి

పోవాలనుకున్న రోజు నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టదు, అది అందరికీ ఉండేదే. మోసపోతానేమో, మెడికల్‌లో ఫెయిలైతే ఎట్లా, భాష రాదు కదా, పాస్‌పోర్టు గుంజుకుంటారట, నేను అక్కడ ఉన్నప్పుడు అమ్మకు ఏమన్నా అయితే, నాకే ఏమన్నా అయితే. ఇవన్నీ ఒకేసారి తలలో తిరుగుతుంటే ఏదీ తేలదు. పిల్లల నోట్‌బుక్కులోంచి ఒక పేజీ చింపి ఒక్కోటి ఒక్కో లైనులో రాయండి, పక్కన ‘ఎవరిని అడగాలి’ అని రాయండి. మీకే కనిపిస్తుంది, ఇందులో ముప్పావు వంతు కాగితాలు చూసి, ఫోన్ చేసి తేల్చుకోగలిగేవే. మిగిలిన పావు వంతు నిజంగా మనసుకు సంబంధించినది, దాని గురించి చివర్లో మాట్లాడతాను.

రెండో పని: లెక్క వేయండి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ అప్పు గురించే, అయినా చాలామంది ఈ లెక్క వెయ్యకుండానే ఫ్లైట్ ఎక్కుతారు. నెలకు 1200 దిర్హంల జీతం అనుకుందాం. దిర్హం 23 రూపాయల చొప్పున 27,600. వినడానికి బాగుంది. తిండి మనదే అయితే రూములో నలుగురు కలిసి వండుకున్నా 350 దిర్హంలు, అంటే 8,050 పోతుంది. ఫోన్ రీచార్జ్, సబ్బులు, కటింగ్, అప్పుడో ఇప్పుడో ఒక ట్యాబ్లెట్, అన్నీ కలిపి 100 దిర్హంలు, అది 2,300. మిగిలేది 17,250. ఇందులోంచి ఇంటి ఖర్చుకు 8,000 పంపితే అప్పుకు 9,250 మిగులుతుంది.

ఇప్పుడు ఆ అప్పు లక్షా ఇరవై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి అనుకోండి. మొదటి నెల మిత్తే 3,600. నెల తప్పకుండా 9,250 కడుతూ పోయినా అప్పు తీరేసరికి పదిహేడు నెలలు పడుతుంది. కాంట్రాక్టు రెండేళ్లు. అంటే ఇల్లు, బిడ్డ పెళ్లి, బోరు, ఏది అనుకుని పోతున్నారో దానికి మిగిలేది ఏడు నెలల సంపాదన. అది కూడా జీతం ఒక్క నెలా ఆగకుండా, జ్వరం ఒక్కటీ రాకుండా గడిస్తేనే.

పోవద్దని చెప్పడానికి ఈ లెక్క చెప్పట్లేదు. ఏజెంటుకు ఎంత ఇస్తున్నామన్నదే మన రెండేళ్లను నిర్ణయిస్తుందని చెప్పడానికి. ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడుగుతున్నాడంటే ఆ పైదంతా చట్టంలో లేని డబ్బు. “అందరూ ఇస్తున్నరు కదా” అంటారు, నిజమే, నేనూ ఇచ్చాను. కానీ ఆ 35,400 అనే అంకె తెలిసి బేరం చేయడం వేరు, తెలియక తల ఊపడం వేరు.

మూడో పని: ఏజెంటును పరీక్షించండి

విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు అడిగి రాసుకోండి, ఫోన్‌లో ఆ జాబితా తెరిచి సరిచూడండి, లైసెన్సు ఇప్పటికీ చెల్లుతుందా లేదా అన్నది కూడా చూడండి. చేతకాకపోతే డిగ్రీ చదివే పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, పది నిమిషాల పని. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, “హైదరాబాద్ ఆఫీసు మాదే” అంటాడు. అయితే ఆ ఆఫీసుకే పోయి, అక్కడే కట్టి, అక్కడి రసీదే తీసుకోండి. మన బావమరిది, మేనమామ కొడుకు అయినా సరే. చుట్టరికం చూసి నోట్ల కట్ట చేతిలో పెట్టినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడ్డారు, ఎందుకంటే సొంతవాడి మీద కేసు పెట్టలేరు.

ఏజెంటు లేకుండా పోయే దారి కూడా ఉంది. తెలంగాణకు టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, హైదరాబాద్‌లో మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది. వీళ్ల నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి వస్తాయి, ఓపిక కావాలి, ట్రేడ్ టెస్టు పాసవ్వాలి. అయినా పేరు నమోదు చేసుకుని ఉంచండి.

నాలుగో పని: వీసా, కాంట్రాక్టు చదవండి

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ మోసాలు జరిగేది ఇక్కడే.

ముందు మీ పాస్‌పోర్టు చూడండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు కలిపి 18 దేశాలకు పని కోసం పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే మన ప్రభుత్వ అధికారి నుంచి క్లియరెన్స్ ఉండాలి. దీన్ని తలనొప్పి అనుకుంటారు కానీ మన కాంట్రాక్టును ప్రభుత్వం ఒకసారి చూసేది ఇక్కడే. అది తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు, “ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాలను చూడడానికి పోతున్ననని చెప్పు” అంటారు. ఆ మాట విన్నరోజే లేచి వచ్చేయండి. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా మనం పోయి ఫిర్యాదు చేయడానికి భయపడతాం, వాళ్లకు కావాల్సిందీ అదే.

ఆజాద్ వీసా అనేది ఇంకొకటి. ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్ముతారు. చట్టంలో అలాంటి వీసా లేదు, ఎవరో ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, పేరు మీదే అది వస్తుంది, వేరేచోట పని చేస్తూ పట్టుబడితే తప్పు మనదే. కువైట్‌కు పోయేవాళ్లు 18 నంబరా, 20 నంబరా అన్నది తప్పకుండా అడగండి. 18 కంపెనీ పని, 20 ఇంటి పని. డ్రైవర్‌గా కంపెనీకి అని చెప్పి 20 వీసా చేతిలో పెడితే మీరు పోయేది ఒక ఇంటికి, కంపెనీ కార్మికుల చట్టం మీకు వర్తించదు. ఇంటి పనివాళ్లకు అక్కడ 2015లో వేరే చట్టం వచ్చింది, వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో సెలవు అందులో ఉన్నాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి పోయే అక్కాచెల్లెళ్లు ఈ రెండు మాటలైనా గుర్తుపెట్టుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి 30 ఏళ్లు నిండని మహిళలకు మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వదు. వయసు ఎక్కువ వేయించి పంపుతామనేవాడిని నమ్మవద్దు.

వీసా అసలుదా కాదా అన్నది యూఏఈకి అయితే అక్కడి వీసాల శాఖ ఐసీపీ వెబ్‌సైట్‌లో, దుబాయ్ ఇచ్చిన వీసా అయితే దుబాయ్ వీసాల శాఖ జీడీఆర్‌ఎఫ్‌ఏ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడవచ్చు.

కాంట్రాక్టులో మొట్టమొదట చూడాల్సింది బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం, ఎంత అన్నది. మొత్తం 1200 అని చెప్పి లోపల బేసిక్ 600, అలవెన్సులు 600 అని రాస్తారు. నెల నెలా చేతికి వచ్చేది ఒకటే కదా అనిపిస్తుంది. కానీ ఓవర్‌టైమ్ కట్టేది బేసిక్ మీద, చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. యూఏఈలో ఏడాది దాటితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇవ్వాలి. బేసిక్ 600 అయితే అది ఏడాదికి 420 దిర్హంలు, 1200 అయితే 840. తర్వాత పని గంటలు, తిండి ఎవరిది, రూము ఎవరిది, రానుపోను టికెట్ ఎవరిది, వారం సెలవు, ఇవన్నీ కాగితంలో వెతకండి. నోటి మాట ఒక్కటీ లెక్కలోకి రాదు. యూఏఈ ఆఫర్ లెటర్‌ను అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు హిందీ, ఉర్దూల్లో కూడా ఇచ్చే ఏర్పాటు ఉంది, అడగండి. సంతకం పెట్టిన ప్రతి పేజీ అక్కడికక్కడే ఫోటో తీసుకుని భార్య ఫోన్‌కు పంపండి.

ఐదో పని: మెడికల్, ఇన్సూరెన్స్, ట్రైనింగ్

గల్ఫ్ మెడికల్‌ను మనవాళ్లు ఇంకా గామ్కా అనే పిలుస్తారు, ఇప్పుడు వాఫిద్ అనే పోర్టల్ ద్వారా స్లిప్ తీసుకోవాలి. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ రావచ్చు. అందుకే ఒకప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఏజెంటుకు రూపాయి కట్టకముందే మన దగ్గర ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించుకోండి. అక్కడ దిగాక మళ్లీ ఒకసారి మెడికల్ ఉంటుంది, అందులో ఫెయిలైతే వెనక్కి పంపేస్తారు. దొంగ ఫిట్ సర్టిఫికెట్ కొని పోయినా లాభం లేదన్నమాట.

ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించుకోండి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని పరిస్థితి వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఈసీఆర్ వాళ్లకు ఇది తప్పనిసరి. ఆ పాలసీ కాగితం మీ సూట్‌కేసులో కాదు, ఇంట్లో ఉండాలి, నామినీ ఎవరో ఆ నామినీకి తెలియాలి. పోయేముందు ఒక రోజు ఉచిత ట్రైనింగ్ ఉంటుంది, పీడీఓటీ అంటారు. ఒక రోజు కూలి పోయినా ఫరవాలేదు, పోయి కూర్చోండి.

ఆరో పని: ఇల్లు సర్దిపెట్టండి

పోయేవాడి టెన్షన్ అందరూ చూస్తారు, ఉండేవాళ్లది ఎవరూ పట్టించుకోరు. భార్య పేరు మీద సొంత బ్యాంకు ఖాతా ఉండాలి, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే ఉండాలి. డబ్బంతా అన్న ఖాతాకో తండ్రి ఖాతాకో పోతే ఆమె నూనె ప్యాకెట్‌కు కూడా చెయ్యి చాచాల్సి వస్తుంది, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. మీకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉన్న బ్యాంకు ఖాతా, తెరవండి. అప్పు ఎవరి దగ్గర ఎంత, మిత్తి ఎంత, ఎప్పటి నుంచి అన్నది ఒక పుస్తకంలో రాసి ఆమెకు ఇవ్వండి, కట్టిన ప్రతి వాయిదా అప్పిచ్చినవాడి సంతకంతో అందులోనే ఎక్కాలి.

ఒక కవరు తయారుచేయండి. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, కాంట్రాక్టు, ఏజెంటు రసీదు, బీమా కాగితం, కంపెనీ పేరు, అడ్రసు, క్యాంపు ఎక్కడ, రూములో ఇద్దరి ఫోన్ నంబర్లు. మా అమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది, తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. ఆపద వచ్చినప్పుడు చాలా ఇళ్లలో “దుబాయ్‌ల ఉన్నడు” అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ తెలియదు. ఏ ఎమిరేటో, ఏ కంపెనీయో తెలియకపోతే ఎంబసీ కూడా వెతకలేదు.

బ్యాగు సర్దేటప్పుడు

అమ్మ కట్టే మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో అడగండి. యూఏఈ, సౌదీల్లో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యం కింద లెక్కేస్తారు. నొప్పుల గోళీల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి ప్రిస్క్రిప్షన్, అనుమతి లేకుండా తీసుకుపోవద్దు. ఇంకోటి, “మా తమ్మునికి ఈ పచ్చడి ప్యాకెట్ ఇయ్యవా” అని ఎయిర్‌పోర్టు దాకా వచ్చి ఇచ్చేవాళ్లుంటారు. మీ కళ్ల ముందు విప్పి మళ్లీ కట్టనిదే తీసుకోవద్దు. మొహమాటం పడి ఇలా ప్యాకెట్లు తీసుకుపోయి జైళ్లలో పడ్డవాళ్లు ఉన్నారు.

దిగాక మొదటి నెల

భాష గురించి అనవసరంగా భయపడతారు. క్యాంపుల్లో హిందీతో నడిచిపోతుంది, మూడు నెలల్లో అదే వస్తుంది. మోయా అంటే నీళ్లు, రాతిబ్ అంటే జీతం, ముదీర్ అంటే మేనేజరు, బుక్రా అంటే రేపు. ఇలాంటివి ఒక యాభై నేర్చుకుంటే చాలు.

ముందు చూడాల్సింది ఐడీ. ఎమిరేట్స్ ఐడీ, సౌదీలో అకామా, కువైట్‌లో బతాకా, అది చేతికి వచ్చేదాకా వారం వారం అడుగుతూనే ఉండండి. సౌదీలో అబ్షర్ యాప్ పెట్టుకుంటే అకామా ఎప్పటిదాకా ఉందో మీరే చూసుకోవచ్చు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం యూఏఈ చట్టం ప్రకారం తప్పు. తీసుకుంటే గొడవ పడమని చెప్పను, మొదటి నెలలో ఎవరూ పడలేరు, కనీసం కాపీ ఫోన్‌లో, ఈమెయిల్‌లో ఉంచుకోండి.

జీతం బ్యాంకు కార్డు ద్వారా రావాలి, దాన్ని డబ్ల్యూపీఎస్ అంటారు. చేతికి నగదు ఇచ్చి ఎక్కువ అంకె మీద సంతకం పెట్టమంటే పెట్టవద్దు. రోజూ ఎన్ని గంటలు చేశారో చిన్న డైరీలో రాయండి, తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము. నా రెండో కంపెనీలో నాలుగు నెలల ఓవర్‌టైమ్ ఎగ్గొట్టబోయినప్పుడు నన్ను కాపాడింది ఐదు దిర్హంల డైరీ. ఫిర్యాదు దగ్గర అధికారి దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు, కంపెనీ వాళ్లు అలాంటి లెక్క చూపించలేకపోయారు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలట్లేదని అర్థం. రూములో బయటికి పోయే రెండో దారి ఎక్కడుందో మొదటిరోజే చూసుకోండి. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికుల భవనం అంటుకుని నలభై మందికి పైగా మన దేశం వాళ్లు చనిపోయారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

తేడా వస్తే ఏం చేయాలి

జీతం ఆగితే రూములోంచి పారిపోయి ఖల్లివెల్లి అవ్వడం, అంటే కాగితాలు లేకుండా దొంగచాటుగా ఉండడం, చివరికి మన మెడకే చుట్టుకుంటుంది. పారిపోయాడని యజమాని రిపోర్టు ఇస్తే, సౌదీలో దాన్ని హురూబ్ అంటారు, రావాల్సిన జీతం అటుంచి ఇంటికి రావడమే కష్టమవుతుంది. ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టండి. ఇల్లు, తిండి లేని పరిస్థితి అయితే ఎంబసీకో కాన్సులేట్‌కో పోండి, వాళ్ల దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది, వసతికి, లాయరుకు, టికెట్‌కు, మృతదేహం పంపడానికి అందులోంచి ఖర్చు చేయవచ్చు. దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు 1800 11 3090కి ఫోన్ చేయవచ్చు, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ కవరులోని కాగితాలు అక్కరకొచ్చేది ఇప్పుడే.

అనరాని మాటే అయినా చెప్పాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు పెట్టాలి.

కాగితంతో తీరని భయం

రాత్రి తొమ్మిదింటికి రూములో ఎనిమిది మంది, ఎవరి మంచం మీద వాళ్లు, ఎవరి ఫోన్ వాళ్లది. మొదటి ఆరు నెలలు చాలా గడ్డు కాలం. అప్పు తలుచుకుని, ఇంట్లో గొడవలు విని, ప్రాణం తీసుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. ఈ విషయం దాచిపెట్టి ఎవరికీ మేలు చేయలేం. రూములో ఒకడు తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకుంటే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలవద్దు.

నేనూ మా ఆవిడా ఒక ఒప్పందం చేసుకున్నాం. అప్పులవాడు వచ్చాడు, పొలం గట్టు తగాదా, పిల్లాడికి జ్వరం, ఏదైనా సరే దాచకూడదు, కానీ నేను సైటులో ఉండగా చెప్పకూడదు. శుక్రవారం పొద్దున నాకు సెలవు, అప్పుడు గంటసేపు అన్నీ మాట్లాడుకునేవాళ్లం. మిగతా రోజుల్లో రాత్రి పది నిమిషాలు, ఏం వండారు, పిల్లలు ఏం చదివారు, అంతే. మొదట్లో ఆమెకు కోపం వచ్చింది, నాకూ కష్టంగా ఉండేది. రెండో నెల నుంచి శుక్రవారం కోసం ఇద్దరం చూసేవాళ్లం, ఆమె అడగాల్సినవి క్యాలెండర్ వెనక రాసి పెట్టుకునేది. మీరు పోయేముందు ఇలాంటిదొకటి కూర్చుని మాట్లాడుకోండి, ఏ రోజు, ఏ టైము అన్నదాకా.